ఇల్లు కదిలే వేళ

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు, ఉద్యోగం, వివాహం, వృద్ధాప్యం, ఒక్కొక్కప్పుడు ఊరే నీట మునగడం - కారణం ఏదైనా, మనిషి తన జీవితంలో ఒకటి రెండుసార్లైనా ఇల్లు మారవలసి వస్తుంది. అప్పుడు గృహోపకరణాలను చేరవేసే సంస్థలను ఎలా ఎంచుకోవాలో, వాటితో వ్రాతపూర్వకమైన ఒప్పందం ఎందుకు అవసరమో, బరువు మోసే శ్రామికులపట్ల మన బాధ్యత ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కరీంనగర్ నుండి జగిత్యాలకు పోయే దారిలో, జగిత్యాల ఇంకా 15 కిలోమీటర్ల దూరం ఉందనగా కొండగట్టు కనిపిస్తుంది. కొండమీద వెలసిన ఆంజనేయస్వామిని దర్శించుకోవడానికి భక్తులు నిత్యం వస్తూ ఉంటారు. ఈ క్షేత్రానికి ఒక స్థలపురాణం కలదు. రామరావణ యుద్ధంలో లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు హనుమంతుడు సంజీవని పర్వతాన్ని పెకలించి తెస్తున్నాడట. ఆకాశమార్గాన పోతుండగా ముత్యంపేట సమీపంలో పర్వతం నుండి ఒక ముక్క విరిగి కిందపడిందట. ఆ ముక్కే నేటి కొండగట్టు అని ఈ ప్రాంతం వారి విశ్వాసం.

ఈ కథను భక్తితో వినేవారు వింటారు. దీనిలో లోకరీతికి సంబంధించిన ఒక సత్యం కూడ ఉన్నది. మోసేవాడు హనుమంతుడంతటి సమర్థుడైనా, మోసే వస్తువు నుండి దారిలో ఒక ముక్క రాలవచ్చు. అటువంటప్పుడు సామాన్యులమైన మనం మన ఇంటి సామానును పరుల చేతికి అప్పగించేటప్పుడు ఎంత ముందుచూపుతో ఉండాలి! రాలిన ముక్కకు బాధ్యత ఎవరిది? ఆ సంగతి ముందే మాట్లాడుకొన్నామా? ఆ మాట కాగితం మీద ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలే ఈ పాఠానికి ప్రాణం.

పూర్వం పల్లెలలో ఇల్లు మారడమంటే ఊరంతా కలిసి చేసే పని. ఒకరు ఎడ్లబండి కట్టేవారు. మరొకరు గుమ్మిలోని ధాన్యాన్ని గోనెసంచులకు ఎత్తేవారు. రోలు, తిరుగలి, పట్టెమంచం, సందూగ వంటి బరువులకు నలుగురు యువకులు భుజం పట్టేవారు. దానికి కూలి లేదు. ఆ పూట భోజనమే సంభావన. ఈనాడు నీవు నాకు చేసిన సాయం రేపు నేను నీకు చేస్తానన్న నమ్మకమే ఒప్పందం. ఆషాఢంలోను, శూన్యమాసాలలోను కొత్త ఇంట చేరకుండ, మంచిరోజు చూసుకొని, పొయ్యిమీద పాలు పొంగించిన తరువాతనే సామాను లోపలికి తెచ్చుకొనే ఆచారం నేటికీ ఉన్నది.

ఆ సాయం చేసే ఇరుగుపొరుగు కూడ ఒకేసారి కదలవలసి వస్తే ఏమవుతుంది? కొండగట్టుకు ఎంతో దూరంలో లేని మానేరు తీరం ఆ ప్రశ్నకు సాక్ష్యం. మానేరు నదిపై మాన్వాడ వద్ద నిర్మించిన మధ్యమానేరు జలాశయం కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, అనుపురం మొదలైన గ్రామాలు ముంపునకు గురియైనాయి. ఆ జలాశయం 2019లో నిండింది. ముంపు గ్రామాల ప్రజలు పునరావాస కాలనీలకు తరలిపోయారు. ఊరు మునిగేటప్పుడు ప్రతి ఇల్లూ కదలవలసినదే. తన ఇల్లు సర్దుకొనే తొందరలో ఉన్నవాడు పక్క ఇంటి మంచానికి భుజం ఎలా పట్టగలడు? అటువంటివేళ తలుపులు, ద్వారబంధాలు, దూలాలు కూడ ఊడదీసి తీసుకొనిపోవలసి వస్తుంది. తరలింపు అంటే వస్తువులను బండికెత్తడం మాత్రమే కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏముంటుంది? తీసుకొనిపోగలిగిన దానికీ, విడిచిపెట్టవలసిన దానికీ మధ్య మనిషి పడే వేదన ఆ పనిలో ఉన్నది.

ఈ వేదన అంత తీవ్రంగా కాకపోయినా, ఇల్లు మారే ప్రతి కుటుంబానికీ ఎంతోకొంత తప్పదు. బొగ్గుగనులలో పనిచేసి పదవీ విరమణ చేసిన కార్మికుడు ఏళ్లతరబడి నివసించిన క్వార్టరును ఖాళీ చేస్తాడు. ఉపాధికై గల్ఫ్ దేశాలకు పోయినవాడి కుటుంబం పల్లె నుండి పట్టణానికి మారుతుంది. కొండగట్టు సమీపంలోని నాచుపల్లి ఇంజనీరింగు కళాశాల విద్యార్థి చదువు ముగించి, మంచము, బల్ల, పుస్తకాలతో అద్దె గది విడిచిపోతాడు. బంధువులు దూరమైనారు, ఇరుగుపొరుగువారికి తీరిక లేదు. ఈ లోటును పూరించడానికే సామాను తరలింపు ఒక వృత్తిగా రూపొందింది.

ఈ వృత్తి లోకానికి కొత్తది కాదు. ఇంగ్లండులో 17వ శతాబ్దం నాటికే సరకులను గుర్రపు బండ్లపై చేరవేసే కుటుంబాలు ఉండేవి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఇంటి అద్దె ఒప్పందాలు ఎక్కువగా జూన్ నెలాఖరుతో ముగుస్తాయి. అందువలన జూలై 1వ తేదీన వేలాది కుటుంబాలు ఒకేరోజు ఇళ్లు మారుతాయి. వాహనాలకు, కూలీలకు ఆనాడు ఉండే గిరాకీ ఇంతంత కాదు. మన దేశంలో లారీ మాట్లాడుకోవడం చాలాకాలం సంపన్నులకే సాధ్యమైంది. 2005లో టాటా ఏస్ అనే చిన్న సరకుల వాహనం మార్కెట్టులోకి వచ్చిన పిమ్మట రెండు గదుల సామానుకు సరిపడే బండి సామాన్యులకు కూడ అందుబాటులోకి వచ్చింది. పెద్ద కుటుంబాలకు డి.సి.ఎం. వ్యానులు ఉండనే ఉన్నవి. వీటితోపాటు, సామానును పొట్లాలు కట్టి, ఎక్కించి, చేర్చి, మరల సర్దిపెట్టే సంస్థలు జిల్లా కేంద్రాల వరకు విస్తరించాయి.

ఈ సంస్థల సేవను ఎలా వినియోగించుకోవాలో తెలుసుకోవడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం.

కొండగట్టు దిగువన ఉన్న ఒక పల్లెలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు ఉన్నారు. ఆయన తల్లికి ఎనభై ఏళ్లు. కుమార్తె ఇంటర్మీడియట్ చదువుతున్నది. తల్లి వైద్యం కొరకు వారు సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు మారదలిచారు. పల్లెలో నాలుగు గదుల పెంకుటిల్లు. నగరంలో రెండు గదుల అద్దె ఇల్లు. నాలుగు గదుల సామాను రెండు గదులలో పట్టదు. అందుచేత తరలింపు కంటె ముందు వింగడింపు మొదలుపెట్టవలసి వచ్చింది.

మనుమరాలు ఒక నోటుపుస్తకం తీసుకొని నాలుగు నిలువు గళ్లు గీసింది. తీసుకొనిపోయేవి, ఇతరులకు ఇచ్చేవి, అమ్మేవి, పారవేసేవి అని వాటికి శీర్షికలు పెట్టింది. గది గదికీ తిరిగి ప్రతి వస్తువునూ ఏదో ఒక గడిలో చేర్చసాగింది. ప్లాస్టిక్ కుర్చీలు, పాత చాపలు సులువుగానే తేలిపోయినవి. నాయనమ్మ గదిలోని టేకు సందూగ వద్ద మాత్రం కలం ఆగింది.

"నాయనమ్మా! ఇది చాలా బరువు. అక్కడ పెట్టడానికి చోటు కూడ లేదు" అన్నది మనుమరాలు.

"బిడ్డా, గా సందూగ మా అవ్వ నాకిచ్చింది. నేను ఈ ఇంట్ల అడుగువెట్టిన నాడు దాంతోనే అచ్చిన. గదొక్కటి ఇడిచిపెట్టేది లేదు" అన్నది వృద్ధురాలు.

మనుమరాలు కొంతసేపు ఆలోచించింది. సందూగను మొదటి గడిలో వ్రాసి, దానికి బదులుగా తన చదువుబల్లను రెండవ గడిలోకి మార్చింది. వస్తువు వెల వేరు, విలువ వేరు. వెలను బజారు నిర్ణయిస్తుంది. విలువను దానితో జీవించినవారు నిర్ణయిస్తారు. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న నిర్ణయం ఏ సంస్థా మన తరఫున చేయలేదు. చేయనీయకూడదు కూడ. ముఖ్యంగా ఇంటిలోని వృద్ధులను అడగకుండ వారి వస్తువులను తీసివేయడం తగని పని.

వదులుకొనే వస్తువుల విషయంలో కూడ వివేకం అవసరం. గట్టి కలపతో చేసిన మంచానికి ఒక కాలు విరిగినంతమాత్రాన అది చెత్త కాదు. వడ్రంగి దానికి కొత్త కాలు అమర్చగలడు. లేదా ఆ కలపతో పీటలు, అలమరలు చేయగలడు. ఉపయోగపడే బల్లలను, కుర్చీలను పాఠశాలకో, గ్రంథాలయానికో ఇవ్వవచ్చు. ఇచ్చేముందు వారికి ఆ వస్తువు అవసరమో కాదో అడగడం మర్యాద. మనకు పనికిరానిదాన్ని మోయించి ఇతరుల గుమ్మం ముందు పడవేయడం దానం అనిపించుకోదు. పాత సోఫాలను, పరుపులను వీధి చివర పారవేసి నిప్పుపెట్టడం మరింత ప్రమాదకరం. వాటిలోని నురుగు పదార్థం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి. పాడైన ఫ్రిజ్‌లు, టెలివిజన్‌లు ఎలక్ట్రానిక్ వ్యర్థాల కిందికి వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని గుర్తింపు పొందిన పునఃశుద్ధి కేంద్రాలకు చేర్చాలి. కనుక పాత సామానును తీసుకొనిపోయే సంస్థను "ఎంత తీసుకొంటారు?" అని మాత్రమే అడిగితే చాలదు. "తీసుకొనిపోయి ఏం చేస్తారు?" అని కూడ అడగాలి.

వింగడింపు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయుడు సంస్థలను విచారించాడు. ఒక సంస్థవారు ఫోనులోనే "ఆరు వేలు చాలు, రేపే వస్తాం" అన్నారు. సామాను చూడలేదు, ఎన్ని వస్తువులో అడగలేదు, పైకం మాత్రం సగం ముందే పంపమన్నారు. ఆయన ఆ మాటకు సంతోషపడబోయి ఆగాడు. కొంతకాలం కింద ఆయన మిత్రుడు ఇటువంటి మాటనే నమ్మి చిక్కులలో పడ్డాడు. సామాను బండిలోకి ఎక్కిన తరువాత, "అనుకొన్నదానికంటె ఎక్కువ ఉన్నది, రెట్టింపు ఇస్తేనే దించుతాం" అని దారిలో బండి నిలిపివేశారు. కట్టుబట్టలతో ఉన్న కుటుంబం అడిగినంత ఇచ్చుకోక తప్పలేదు. సామాను ఇతరుల చేతిలో ఉన్నప్పుడు బేరమాడే శక్తి మన చేతిలో ఉండదు. అందుచేత బేరం ఏదైనా సామాను గడప దాటకముందే తేలాలి.

ఆయన మరి రెండు సంస్థలవారిని ఇంటికి పిలిపించాడు. వారు ప్రతి గదినీ చూశారు. మనుమరాలి పట్టికతో సరిపోల్చుకొన్నారు. వీధిలోకి పెద్ద వాహనం వస్తుందా, నగరంలోని ఇల్లు ఎన్నవ అంతస్తులో ఉన్నది, లిఫ్టు ఉన్నదా, సందూగ అందులో పడుతుందా అని అడిగారు. మంచాలు విప్పి మరల బిగించడం, పొట్లాలు కట్టడం, ఎక్కింపు, దింపు, దారి ఖర్చులు, పన్ను - ఒక్కొక్కదానికి విడివిడిగా లెక్కవేసి వ్రాసి ఇచ్చారు. ఒకరు 12,000 రూపాయలు, మరొకరు 14,000 రూపాయలు అన్నారు. ఉపాధ్యాయుడు వెంటనే తక్కువ చెప్పినవారిని ఖాయం చేయలేదు. ఇద్దరి కాగితాలను పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక కాగితంలో లేని పని మరొక కాగితంలో ఉన్నదేమోనని పరిశీలించాడు. రెండింటిలోను పనులు సమానంగానే ఉన్నవని, సంస్థకు నమోదు పత్రం ఉన్నదని రూఢి చేసుకొన్న తరువాతనే మొదటివారికి పని అప్పగించాడు.

ఇక్కడ చట్టం చెప్పే కొన్ని విషయాలు విద్యార్థులు తెలుసుకోవాలి. సరకుల రవాణాదారుల బాధ్యతను నిర్ణయించడానికి మన దేశంలో 1865 నాటి చట్టం దీర్ఘకాలం అమలులో ఉండేది. దాని స్థానంలో 2007లో రోడ్డు రవాణాకు సంబంధించిన కొత్త చట్టం చేయబడింది. 2011లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కిరాయికి అందరి సరకులనూ చేరవేసే రవాణాదారు తప్పనిసరిగా నమోదు చేయించుకోవాలి. సరకు పంపేవారు వస్తువుల వివరాలు, వాటి విలువ తెలుపుతూ ఒక పత్రం ఇవ్వాలి. రవాణాదారు సరకు అందుకొన్నట్లు రసీదు ఇవ్వాలి.

వస్తువు పోయినా, పగిలినా రవాణాదారు చెల్లించవలసిన పరిహారానికి ఒక పరిమితి ఉన్నది. అది సాధారణంగా కిరాయికి పది రెట్లు మించదు. మనం ప్రకటించిన విలువను కూడ మించదు. ఉదాహరణకు కిరాయి 12,000 రూపాయలైతే పది రెట్లు 1,20,000 రూపాయలు అవుతుంది. సామాను విలువ 80,000 అని ప్రకటిస్తే పరిహారం 80,000 దాటదు. విలువ 2,00,000 అని ప్రకటించినా 1,20,000 దాటదు. అంతకంటె ఎక్కువ రక్షణ కావాలనుకొంటే అధిక కిరాయి చెల్లించి ముందుగానే ఒప్పుకోవాలి. లేదా విడిగా బీమా చేయించుకోవాలి. పన్నుకో, మరి దేనికో భయపడి విలువను తక్కువగా వ్రాసేవారు తమ హక్కును తామే తగ్గించుకొన్నవారవుతారు. వాడిన గృహోపకరణాలను తరలించడానికి జి.ఎస్.టి. కింద ఇ-వే బిల్లు అవసరం లేదు కూడ.

నష్టం జరిగితే నోటిమాట చాలదు. సరకు బుక్ చేసిన నాటి నుండి 180 రోజులలోపల రవాణాదారుకు వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. అట్లా ఇవ్వనిదే ఆ నష్టంపై దావా వేయడానికి వీలులేదు. సేవాలోపం జరిగినప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సలహా పొందవచ్చు. అయితే ఈ తలుపులన్నింటికీ తాళంచెవి ఒక్కటే - మన చేతిలోని కాగితం.

అనుకొన్న రోజున ఉదయం ఏడు గంటలకు వ్యాను వచ్చింది. నలుగురు హమాలీలు దిగారు. వారి పనిలో ఎంత శాస్త్రం ఉన్నదో మనుమరాలు ఆశ్చర్యంతో చూసింది. మంచాలు విప్పి, వాటి మరలను చిన్న సంచిలో వేసి, ఆ సంచిని అదే మంచం పట్టెకు కట్టారు. పుస్తకాలను పెద్ద పెట్టెలలో నింపలేదు. చిన్న పెట్టెలలోనే సర్దారు. పుస్తకాల పెట్టె పెద్దదైతే ఎవరూ ఎత్తలేరు. ఎత్తినా అడుగు ఊడిపోతుంది. గాజుసామానును పాత చీరలలో చుట్టి, పెట్టెపై గుర్తు వేశారు. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపివేసి తడి తుడిచి ఉంచారు కనుక నిలువుగానే ఎక్కించారు. బరువైనవి వాహనం ముందుభాగాన అడుగున పేర్చి, తేలికైనవి వాటిపై సర్ది, సందులలో పరుపులు, బొంతలు దోపి, పగ్గాలతో బిగించారు.

బండికి ఎక్కించకూడనివి కొన్ని ఉన్నవి. గ్యాస్ సిలిండరును సామానులో కలిపి తీసుకొనిపోరాదు. దానిని, రెగ్యులేటరును పంపిణీదారుకు అప్పగించి బదిలీ పత్రం తీసుకోవాలి. నగలు, నగదు, భూమి పత్రాలు, విద్యార్హత పత్రాలు, నిత్యం వేసుకొనే మందులు మన చేతిసంచిలోనే ఉండాలి. ఉపాధ్యాయుడు ఇవన్నీ విడిగా ఒక సంచిలో పెట్టి తన వద్దనే ఉంచుకొన్నాడు.

చివరకు సందూగ వంతు వచ్చింది. నలుగురూ దాని చుట్టూ చేరారు. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, ఒకే మాటపై ఎత్తారు. వృద్ధురాలు గుమ్మంలో నిలబడి "పైలం బిడ్డా" అన్నది. వారిలో పెద్దవాడు చెమట తుడుచుకొంటూ, "ఫికరు పడకు అవ్వా, మా ఇంటి సామాను లెక్కనే చూసుకుంటం" అన్నాడు.

ఆ మాట విన్న మనుమరాలికి ఒక సందేహం కలిగింది. మన వస్తువులకు విలువ కట్టాము, పట్టిక వ్రాశాము, బాధ్యత నిర్ణయించాము. మరి ఆ వస్తువులను మోసే దేహం సంగతి ఏమిటి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక సిఫార్సు చేసింది. వయోజన పురుషుడు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలకు మించుతున్నచోట, దానిని తగ్గించడానికి చర్యలు తీసుకోవాలన్నది ఆ సిఫార్సు సారాంశం. ఒక బీరువానో, నిండు సందూగనో ఒక్కనిచేత మోయించడం ఎంత అన్యాయమో దీనినిబట్టి తెలుస్తుంది. ఒక పూట తప్పిన భుజం ఒక కుటుంబం పస్తుండడానికి కారణం కావచ్చు. తక్కువ కిరాయి చెప్పే సంస్థ ఆ మిగులును ఎక్కడ నుండి తెస్తున్నది? నలుగురు చేయవలసిన పనిని ఇద్దరిచేత చేయిస్తున్నదా? ఈ ప్రశ్న అడగడం కూడ వినియోగదారుని ధర్మమే. మనుమరాలు వారికి చల్లని నీళ్లు, చాయ ఇచ్చింది. కాసేపు అరుగుపై కూర్చోమన్నది. సందూగలోని ఇత్తడి పాత్రలను తీసి వేరే పెట్టెలో పెడితే బరువు తగ్గుతుందని తానే గుర్తించి, వారు ఎత్తకముందే ఆ పని చేయలేకపోయినందుకు నొచ్చుకొన్నది.

సాయంత్రానికి సామాను నగరం చేరింది. ఒక్కొక్క వస్తువు దిగుతుండగా మనుమరాలు పట్టికలో గీత పెట్టింది. అన్నీ వచ్చాయి. అద్దం బీరువా మాత్రం తలుపు అద్దంలో పగులుతో దిగింది. బండి నడిపినవాడు "చిన్నదే కదా, సంతకం పెట్టండి సార్" అన్నాడు. ఉపాధ్యాయుడు అతనిపై కోపగించలేదు. అట్లని ఊరుకోనూ లేదు. పగిలిన అద్దానికి ఫోటో తీశాడు. రసీదుపై "బీరువా అద్దం పగిలినది" అని వ్రాసి, అతనిచేత కూడ సంతకం చేయించి, తరువాత తాను సంతకం పెట్టాడు. మిగిలిన పైకం చెల్లించేటప్పుడు సంస్థవారు కొత్త అద్దానికి అయ్యే ఖర్చు తగ్గించుకొన్నారు. వివాదం లేదు, వాగ్వాదం లేదు. పట్టికలో ఆ బీరువా పక్కన "అద్దం బాగున్నది" అని ముందే వ్రాసి ఉండడమే దానికి కారణం.

హమాలీలు వెళ్లేముందు సందూగను వృద్ధురాలి మంచం పక్కన ఉంచారు. ఆమె మూత తెరచి చేయి పెట్టి చూసుకొన్నది. పాత కలప వాసన కొత్త గదిలో నిండింది. "ఇప్పుడు గిది మన ఇల్లే" అన్నది ఆమె.

పూర్వం ఇల్లు కదిలేటప్పుడు ఊరు తోడుండేది. నేడు ఆ తోడును మనం కొనుక్కొంటున్నాము. కొనుక్కొన్న తోడులో నమ్మకం ఉండదని అనుకోవడం పొరపాటు. నమ్మకం ఉన్నది కనుక కాగితం ఎందుకని అనుకోవడం అంతకంటె పొరపాటు. వ్రాసుకొన్న మాట ఇరువురినీ కాపాడుతుంది. పగిలిన దానికి పరిహారం ఇంటివారికి దక్కుతుంది. పగలనిదానికి నింద హమాలీకి తప్పుతుంది. కొండను మోసినవాడి చేతిలో నుండి జారిన ముక్క ఒక క్షేత్రమైంది. మన చేతులలో నుండి జారే ముక్క ఒక తగవు కాకుండ చూసుకోవడం మన వివేకంపై ఆధారపడి ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

గుమ్మి = ధాన్యం నిలువ చేసే పెద్ద బుట్ట
సందూగ = బట్టలు, విలువైన వస్తువులు దాచుకొనే పెద్ద పెట్టె
పట్టెమంచం = కలప పట్టెలతో చేసిన మంచం
సంభావన = గౌరవంతో ఇచ్చే ప్రతిఫలం
ద్వారబంధం = తలుపులు అమర్చే చట్రం, దర్వాజ
వింగడింపు = వేరువేరుగా విభజించడం
రూఢి = నిశ్చయం
గిరాకీ = కొనేవారి నుండి ఉండే డిమాండు
పైలం = జాగ్రత్త (తెలంగాణ వ్యవహారం)
ఫికరు = చింత, దిగులు
పస్తు = తిండి లేకుండ ఉండడం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. సామాను తరలింపు సంస్థను ఎంచుకొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. "వస్తువు వెల వేరు, విలువ వేరు" - ఈ వాక్యాన్ని సందూగ సంఘటన ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. కొండగట్టు స్థలపురాణాన్ని రచయిత ఈ పాఠానికి ఎట్లా అన్వయించాడు?
2. ముంపు గ్రామాల తరలింపులో ఇరుగుపొరుగు సాయం ఎందుకు సాధ్యం కాదు?
3. పరిహారానికి చట్టం విధించిన పరిమితిని ఒక ఉదాహరణతో తెలపండి.
4. హమాలీల శ్రమపట్ల వినియోగదారునికి ఉండవలసిన బాధ్యత ఏమిటి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. మధ్యమానేరు జలాశయం ఏ నదిపై ఉన్నది?
2. నష్టం జరిగినప్పుడు ఎన్ని రోజులలోపల రవాణాదారుకు నోటీసు ఇవ్వాలి?
3. మనుమరాలు సందూగకు బదులుగా ఏ వస్తువును వదులుకొన్నది?
4. సామానుతో కలిపి బండికి ఎక్కించకూడని వస్తువులు రెండింటిని పేర్కొనండి.

IV. సంధులు
గృహోపకరణాలు = గృహ + ఉపకరణాలు - గుణసంధి
జలాశయం = జల + ఆశయం - సవర్ణదీర్ఘసంధి
గ్రంథాలయం = గ్రంథ + ఆలయం - సవర్ణదీర్ఘసంధి
ఒక్కొక్క = ఒక్క + ఒక్క - ఆమ్రేడితసంధి

V. సమాసాలు
ఇరుగుపొరుగు = ఇరుగును, పొరుగును - ద్వంద్వ సమాసం
నాలుగు గదులు = నాలుగు సంఖ్య గల గదులు - ద్విగు సమాసం
విషవాయువులు = విషమైన వాయువులు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రామరావణ యుద్ధం = రామరావణుల యొక్క యుద్ధం - షష్ఠీ తత్పురుష సమాసం

VI. భాషాకృత్యం
మీ ఇంటిలోని ఒక గదిని ఎంచుకొని, అందులోని వస్తువులను తీసుకొనిపోయేవి, ఇచ్చేవి, అమ్మేవి, పారవేసేవి అని నాలుగు గళ్ల పట్టికగా వ్రాయండి. మీ ఇంటి పెద్దలను అడిగి, వారు వదులుకోలేని ఒక వస్తువు వెనుక ఉన్న కథను పది వాక్యాలలో వ్రాయండి.